సర్జన్ మీ వెన్నెముక బొమ్మను ఎందుకు తిప్పి పంపారంటే

ముందు మీ సమస్యను నాకు అర్థమైన మేరకు చెబుతాను. రోగులకు ఇచ్చే చిన్న పుస్తకం కోసం, నడుములో డిస్క్ జారడం ఎలా ఉంటుందో చూపే బొమ్మ గీయమన్నారు. మీరు వెన్నెముకను పక్క నుంచి చూస్తున్నట్టు గీశారు. నడుములోని నాలుగో, ఐదో పూసలైన ఎల్4, ఎల్5 మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఎర్రగా వెనక్కి ఉబ్బింది. ఆ రెండు పూసల సందులోంచి బయటికి వస్తున్న పసుపు నరాన్ని అది నొక్కుతోంది. పూసల దిమ్మల వెనుక నిలువునా సాగే సొరంగంలో లావుపాటి వెన్నుపాము పై నుంచి కింద దాకా ఉంది. సర్జన్ రెండుసార్లు ‘సరిగ్గా లేదు’ అని తిప్పి పంపారు, ఏది సరిగ్గా లేదో మాత్రం చెప్పలేదు. మీరు నీడలు దిద్దారు, ఎముక రంగు మార్చారు. ఏ నమూనాలు చూసి గీయాలని, మూడోసారీ అదే జవాబు వస్తుందేమోనని అడుగుతున్నారు.

వస్తుంది. మీ గీతలో లోపం లేదు, నీడలు కూడా చక్కగా ఉన్నాయి. మీరు ఎంచుకున్న కోణమే అసలు చిక్కు. ఆ కోణం నుంచి ఎంత గొప్పగా గీసినా ఆయన చూపించాలనుకున్న జబ్బు కనిపించదు.

నడుములో నరాల లెక్క ఒకసారి చూద్దాం. ప్రతి పూసకూ ముందు ఒక దిమ్మ, వెనుక ఒక కమాను ఉంటాయి. ఆ రెండింటినీ రెండు పక్కలా కలిపే పొట్టి ఎముక స్తంభాలను పెడికిళ్లు అంటారు. నడుములో ఏ పూస పేరు పెట్టుకున్న నరం ఆ పూస పెడికిల్ కిందుగా, దాదాపు దాన్ని రాసుకుంటూ బయటికి వెళుతుంది. అంటే ఎల్4, ఎల్5 పూసల మధ్య పక్కన కనిపించే రంధ్రంలోంచి వెళ్లేది ఎల్4 నరం. అది కూడా రంధ్రం పై భాగంలోంచి, డిస్క్ మట్టానికి దిగకముందే వెళ్లిపోతుంది. అక్కడి డిస్క్ జారినప్పుడు మామూలుగా నలిగేది ఎల్5 నరం. అది అప్పటికింకా సొరంగం లోపలే ఉంటుంది. మరో అంతస్తు దిగి, ఎల్5 పెడికిల్ కింద నుంచి బయటపడాలి. ఆ దారిలోనే జారిన ముక్క అడ్డుపడుతుంది.

కొత్తవాళ్లకు నేను బస్సు పోలిక చెబుతుంటాను. ఈ స్టాపులో దిగాల్సినవాడు ముందే దిగి వెళ్లిపోయాడు. తర్వాతి స్టాపులో దిగాల్సినవాడు లేచి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. బస్సు కుదిపినప్పుడు దెబ్బ తగిలేది వాడికే.

ఇప్పుడు మీ బొమ్మ తీసి చూడండి. పక్క నుంచి చూస్తే ఎల్5 నరం ఉండే చోటును పెడికిళ్లు, వెనుక కీళ్లు పూర్తిగా మూసేస్తాయి. కనిపించేది ఎల్4 నరం ఒక్కటే. కాబట్టి కనిపించే నరాన్నే నలిపేశారు. చిత్రకారుడిగా అది సహజమే. సర్జన్ కంటికి మాత్రం అది ఒక ఇంట్లో దొంగ పడితే పక్కింటి తలుపు విరిగినట్టు చూపించడమే.

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట సయాటికా (నడుము నుంచి కాలికి పాకే నరం నొప్పి) మీద ఒక కరపత్రానికి అచ్చం ఇలాంటి బొమ్మే గీశాను. పక్కనున్న వ్యాసంలో కాలి బొటనవేలు, పాదం పైభాగం మొద్దుబారతాయని ఉంది. అవి ఎల్5 నరం లక్షణాలు. నా బొమ్మలో నలిగింది ఎల్4. దాని తిమ్మిరి మోకాలి కింద పిక్కకు లోపలి వైపున ఉంటుంది. అచ్చయ్యాక ఒక ఫిజియోథెరపిస్టు ఉత్తరం రాశారు: ‘మీ బొమ్మలోని రోగికి, మీ వ్యాసంలోని రోగికి పరిచయం లేనట్టుంది’ అని. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

అన్ని డిస్క్‌లూ ఇలాగే జారుతాయని కాదు. కొన్ని బాగా పక్కకు, రంధ్రంలోకో దాన్ని దాటో జారి, బయటికి వెళ్లే ఎల్4 నరాన్నే నొక్కుతాయి. అవి తక్కువే. మీ సర్జన్ చెప్పదలచుకున్నది అదే అయితే పక్క కోణం పనికొస్తుంది. మెడలో లెక్క వేరు. అక్కడ పూసలు 7, నరాల జతలు 8. మొదటి ఏడు నరాలు తమ పేరున్న పూసకు పైనుంచి బయటికి వస్తాయి, ఎనిమిదోది ఏడో మెడ పూస (సీ7) కింద నుంచి వస్తుంది. దాంతో మెడలో సీ5, సీ6 మధ్య డిస్క్ జారితే అక్కడే బయటపడే సీ6 నరం నలుగుతుంది. నడుము బొమ్మను చిన్నదిగా చేసి మెడలో అతికించే పనికి ఎప్పుడూ పూనుకోకండి.

రెండో తప్పు వెన్నుపాము. పెద్దవాళ్లలో అది ఎల్1, ఎల్2 పూసల దగ్గర ముగిసిపోతుంది. పుట్టిన బిడ్డలో ఎల్3 దాకా ఉంటుంది. తర్వాత ఎముకలు దానికంటే వేగంగా పెరగడంతో కొస పైనే ఉండిపోతుంది. దాని కింద ఉండేది విడివిడి నరాల కట్ట. శరీర శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరుకు అర్థం గుర్రపు తోక. డ్యూరా అనే పొరతో చేసిన సంచిలో, ద్రవంలో ఆ నరాలు తేలుతూ ఉంటాయి. ఎల్4 దగ్గర లావుపాటి తాడు గీస్తే నిపుణుడి చూపు అక్కడే ఆగిపోతుంది. రోగికి దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. నడుములో సూది గుచ్చి ద్రవం తీసే పరీక్షను ఎల్3–ఎల్4 మధ్యనో ఎల్4–ఎల్5 మధ్యనో చేసేది అక్కడ వెన్నుపాము ఉండదు కాబట్టే. సూది వెన్నుపాములో దిగుతుందని రోగులు అసలే భయపడుతుంటారు. మీ బొమ్మ ఆ భయానికి సాక్ష్యం పలకకూడదు.

మరి ఏ కోణం? నా ఓటు పై నుంచి కిందకు చూసే బొమ్మకు. ఎల్4 పూసను ఎత్తి పక్కన పెట్టేసినట్టు ఊహించుకోండి. కింద ఎల్5 పూస, దాని మీద డిస్క్, వెనుక సొరంగం, అందులో నరాల సంచి అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. డిస్క్ నేరుగా వెనక్కి కాక వెనుక మూలకు ఎందుకు జారుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. దిమ్మల వెనుక పొడవునా ఒక పట్టీ దిగుతుంది. డిస్క్‌ను వెనుక నుంచి మధ్యలో గట్టిగా అదిమి పట్టేది అదే. పక్కలకు వచ్చేసరికి అది పలచబడుతుంది. లోపలి ఒత్తిడికి దారి దొరికేది ఆ పలచని మూలలోనే. పక్క నుంచి గీసిన బొమ్మలో మధ్యకు జారినా మూలకు జారినా ఒకేలా కనిపిస్తుంది.

సర్జన్లకైతే వెనుక నుంచి, లామినా అనే ఎముక పలకను కొంత తొలగించి కిటికీలోంచి చూస్తున్నట్టు గీసిన బొమ్మ ఇంకా నచ్చుతుంది. ఆపరేషన్‌లో వాళ్లు చూసేది అదే. రోగుల పుస్తకానికి మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. వీపు చీల్చి చూపించినట్టు ఉంటుంది.

ఇక గీసే పని. నేను ఎముకతో మొదలుపెట్టను, సందులతో మొదలుపెడతాను. వెన్నెముక జబ్బుల్లో చాలావరకు ఖాళీ తగ్గడం వల్ల వచ్చేవే. డిస్క్ ఎత్తు తగ్గుతుంది, రంధ్రం ఇరుకవుతుంది, సొరంగం మూసుకుంటుంది. ఎముకను ముందు గీసి, మిగిలిన చోట నరాన్ని ఇరికిస్తే ఆ ఖాళీల కొలత మీ చేతిలో ఉండదు. అందుకే మొదట సొరంగం ఆకారం గీయండి. నడుములో అది గుండ్రంగా ఉండదు, త్రిభుజంలా ఉంటుంది. చదునైన వైపు ముందుకు, మొన వెనక్కి. ఎల్5 దగ్గర కొందరిలో మూలలు మరీ సాగి మూడు రేకుల ఆకులా కనిపిస్తుంది. ఆ ముందరి మూలలు రెండూ గుర్తు పెట్టుకోండి. ఎల్5 నరం దిగి వెళ్లే వాకిళ్లు అవే. మీ కథంతా అక్కడే జరుగుతుంది.

త్రిభుజం మధ్యలో నరాల సంచిని గుండ్రంగా గీయండి. గోడలకు అతుక్కుపోయినట్టు కాదు, చుట్టూ కాస్త కొవ్వు ఉండాలి. సంచి లోపల నరాలను చుక్కలుగా పెట్టండి. ఇప్పుడే బయటికి వెళ్లబోయే ఎల్5 జత ముందరి మూలల వైపు, ఇంకా కిందకు వెళ్లాల్సినవి వెనక. ఈ అమరిక చూసిన క్షణంలోనే గీసినవారికి విషయం తెలుసునని సర్జన్ గ్రహిస్తారు.

తర్వాత డిస్క్. ఎల్4–ఎల్5 డిస్క్ పై నుంచి చూస్తే చిక్కుడు గింజ ఆకారం, వెనుక అంచు దాదాపు చదును. కేంద్రం చుట్టూ పొరలుగా ఉండే అంచు వలయాలు నిజానికి 15 నుంచి 25 దాకా ఉంటాయి. అన్నీ గీస్తే చెట్టు మొదలు కోసినట్టు ఉంటుంది. ఏడెనిమిది చాలు. వెనుక వైపు వలయాలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండాలి. జెల్లీ లాంటి కేంద్రం సరిగ్గా నడుమ కాకుండా కొద్దిగా వెనక్కి ఉండాలి. వలయాల్లోని పోగులు ఒక పొరలో ఒక వైపుకు, తర్వాతి పొరలో ఎదురు వైపుకు, అడ్డానికి సుమారు 30 డిగ్రీల వాలులో నడుస్తాయి. ఇది పక్క కోణంలోనే కనిపిస్తుంది కాబట్టి ఇప్పుడు మీకు అవసరం లేదు. ఎప్పుడో ఒకప్పుడు అవసరమవుతుంది.

చీలికను వెనుక మూలలో, లోపలి వలయం నుంచి బయటి వలయం దాకా వంకరగా తీసుకెళ్లండి. బయటపడిన ముక్క ట్యూబులోంచి వచ్చిన పేస్టులా మృదువుగా మెరవకూడదు. అందులో తరచూ అంచు పొరల పోగులు, మృదులాస్థి తునకలు కూడా ఉంటాయి. గరుకుగా, సక్రమం కాని అంచులతో గీయండి. ఎల్5 నరం ఆ ముక్క మీదుగా కొంచెం వంగి, చదునై కనిపించాలి. తెగిపోయినట్టు కాదు. చాలామందిలో ఈ ముక్క వారాల్లోనో నెలల్లోనో దానంతట అదే కుంచించుకుపోతుంది. రోగికి ఇచ్చే బొమ్మలో అగ్నిపర్వతం పేలినట్టు గీస్తే ఆ ఆశకు చోటే ఉండదు.

ఆ ఎరుపు గురించి కూడా చెప్పాలి. డిస్క్ సహజంగా ముత్యపు తెలుపు. మొత్తం ఎర్రగా పులమడం ప్రకటనల అలవాటు. నేను ఎరుపును ఒక్కచోటే, నొక్కుకున్న నరం మీద లేత గులాబీ పూతగా వాడతాను. చూపు సరిగ్గా అక్కడికే వెళుతుంది. పసుపుతో ఇంకో తంటా ఉంది. బొమ్మల్లో నరాలకు పసుపు, ధమనులకు ఎరుపు, సిరలకు నీలం వేయడం ఆనవాయితీ. నిజానికి నరాలు తెల్లగా ఉంటాయి. నిజంగానే పసుపుగా ఉండేది సొరంగం వెనుక గోడకు అంటుకుని ఉండే సాగే పట్టీ. ఎలాస్టిన్ పోగుల వల్ల దానికి ఆ రంగు, దాని లాటిన్ పేరులోనే పసుపు ఉంది. రెండింటికీ ఒకే పసుపు వేస్తే నరం ఏదో పట్టీ ఏదో తెలియదు. పట్టీకి ఎండుగడ్డి రంగు, నరానికి పచ్చి పసుపు వేసి తప్పించుకుంటాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పురుషులు నూటికి 8 మంది దాకా ఉంటారు కాబట్టి ఆ రెండు రంగుల తేడా మీదే అర్థం ఆధారపడేలా చేయకండి. బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూస్తే లోపం వెంటనే బయటపడుతుంది.

ఒక జాగ్రత్త. పై నుంచి చూసే బొమ్మకు, డిస్క్ మట్టంలో కోసిన ముక్క బొమ్మకు తేడా ఉంది. ఎల్4ను తీసేసి ఎల్5ను పై నుంచి చూస్తే పెడికిళ్లు కనిపిస్తాయి, వెనుక ఎల్5 పైకీళ్లు చెవుల్లా లేచి ఉంటాయి. డిస్క్ మట్టంలో అడ్డంగా కోస్తే పెడికిళ్లు ఆ కోతలోకి రావు. పక్కల రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, వెనుక కీళ్లలో రెండు పూసల భాగాలూ కనిపిస్తాయి: ముందూ బయటా ఉండేది కింది పూస ముక్క, వెనుకా లోపలా ఉండేది పై పూస ముక్క. కొత్తవాళ్లు ఈ రెండు రకాలనూ కలిపేసి, చుట్టూ ఎముక ఉంగరం గీసి, ముందు డిస్క్ పెట్టి, వెనుక పై పూస కీళ్లు కూడా తగిలిస్తారు. అలాంటి మట్టం ఏ శరీరంలోనూ ఉండదు. మీరు మొదటి రకమే గీయండి. చేతిలో పట్టుకునే వస్తువులా ఉంటుంది కాబట్టి రోగికి సులువుగా అర్థమవుతుంది.

కుడి ఎడమల గొడవ కూడా ఇక్కడే వస్తుంది. సీటీ, ఎమ్మారై అడ్డకోతలను పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు చూపిస్తారు, రోగి కుడి పక్క చిత్రంలో మన ఎడమకు వస్తుంది. పొట్ట వైపును పైకి పెట్టి మీలా పై నుంచి కిందకు చూస్తే అది తారుమారవుతుంది. స్కాన్‌ను పక్కన పెట్టుకుని గీసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. బొమ్మ మూలలో ‘ముందు’, ‘వెనుక’, ‘కుడి’, ‘ఎడమ’ అని చిన్న అక్షరాలతో రాయండి.

పై నుంచి చూసిన బొమ్మ ఒక్కటే ఇస్తే శరీరంలో ఇది ఎక్కడుందో రోగికి తెలియదు. పక్కన చిన్నదిగా మొత్తం వెన్నెముక బొమ్మ పెట్టండి. మీరు ఇంతసేపు కష్టపడిన పక్క కోణం అక్కడ పనికొస్తుంది. దానికి కొన్ని లెక్కలు. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 పూసలు, మొత్తం 24 విడి పూసలు. వాటి కింద ఐదు పూసలు కలిసిపోయిన త్రికాస్థి, దాని కొసన నాలుగైనా ఒకటి అటూ ఇటూ అయినా చిన్న పూసల తోక ఎముక. డిస్క్‌లు 23. తలకూ మొదటి పూసకూ మధ్య గానీ, మొదటి రెండు పూసల మధ్య గానీ డిస్క్ ఉండదు. ఎంత చిన్న బొమ్మ అయినా పూసలు లెక్కపెట్టే పాఠకుడు ఒకడు ఉంటాడు. చాలాసార్లు అతను వైద్య విద్యార్థి, చాలాసార్లు పరీక్ష ముందు రాత్రి.

అన్ని డిస్క్‌లనూ ఒకే మందంలో గీయడం అన్నింటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. పూస దిమ్మ ఎత్తుతో పోలిస్తే డిస్క్ ఎత్తు మెడలో సుమారు ఐదింట రెండు వంతులు, ఛాతీ దగ్గర ఐదింట ఒక వంతు, నడుములో మూడో వంతు. ఎక్కువగా వంగే చోట మందం, పక్కటెముకలు పట్టి ఉంచే చోట పలచన. వంపుల పుట్టుక కూడా చోటును బట్టి మారుతుంది. ఛాతీ వెనుక వంపు చాలావరకు దిమ్మలే ముందు వైపు కొద్దిగా పొట్టిగా ఉండటం వల్ల వస్తుంది. మెడ, నడుము వంపులు ఎక్కువగా డిస్క్‌లు ముందు వైపు మందంగా ఉండటం వల్ల వస్తాయి. త్రికాస్థి మీది ఆఖరి డిస్క్‌లో ఈ తేడా మరీ ఎక్కువ. చదునైన బిళ్లలను వంపు గీత మీద పేర్చినట్టు గీస్తే, ఎక్కడ తప్పో చెప్పలేకపోయినా, చూసేవాడికి ఏదో అతకలేదనిపిస్తుంది. ఈ వంపులను నమ్మదగినట్టుగా మొదట గీసినవాడు చిత్రకారుడు లియొనార్డో డా విన్సీ అంటారు. సుమారు 1510 నాటి ఆ కాగితంలో ఆయన మెడ పూసలను విడదీసి, ఒకదాని మీద ఒకటి ఖాళీ వదిలి, ఏది దేనిలో అమరుతుందో చూపించాడు. సందులతో ఆలోచించడం అంటే అదే.

పూసల వెనుక పొడుచుకొచ్చే ఎముక ముళ్ల విషయానికొస్తే, ఛాతీ మధ్య పూసల ముళ్లు పెంకులు కప్పిన కప్పులా ఒకదాని మీద ఒకటి వాలి ఉండాలి. నడుములో అవి దాదాపు అడ్డంగా, గొడ్డలి రేకుల్లా ఉండాలి. సీ7 దిమ్మ మధ్య నుంచి నిలువుగా దారం వేలాడదీస్తే అది త్రికాస్థి పైభాగపు వెనుక మూల దగ్గర పడాలి. ముందుకో వెనక్కో దూరంగా పడిందంటే మీ మనిషి తూలుతున్నట్టే.

నమూనాల గురించి అడిగారు. కడ్డీకి గుచ్చిన ప్లాస్టిక్ వెన్నెముక పూసల ఆకారం నేర్చుకోవడానికి బాగుంటుంది. వంపులకూ డిస్క్‌లకూ దాన్ని నమ్మకండి. కడ్డీని ఎలా వంచితే అలా ఉంటుంది. దాన్ని ఫోనుతో దగ్గర నుంచి ఫొటో తీసి దిద్దడం ఇంకా ప్రమాదం. దగ్గరి పూసలు ఉబ్బి, దూరపువి కుంచించుకుపోతాయి. 1747లో అచ్చయిన అస్థిపంజరం బొమ్మల కోసం ఆల్బినస్ అనే శరీర శాస్త్రజ్ఞుడు తన చిత్రకారుడు వాండెలార్‌ను 40 అడుగుల దూరంలో నిలబెట్టి, మధ్యలో దారాల గళ్ల వల కట్టి గీయించాడు. దూరం పెరిగేకొద్దీ ఈ వక్రత తగ్గుతుందనే ఆ తిప్పలన్నీ. మీకు అంత చోటు అక్కర్లేదు. వెనక్కి జరిగి జూమ్ చేయండి.

ఎండిన ఎముకలు దొరికితే చేత్తో పట్టుకుని తిప్పి చూడండి, దానికి సాటి లేదు. కానీ వాటిలో మృదులాస్థి ఉండదు కాబట్టి కీళ్ల సందులు నిజం కావు. సందుల కోసం స్కాన్లు చూడాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో ఒక పురుష శరీరాన్ని, 1995లో ఒక స్త్రీ శరీరాన్ని పొరలు పొరలుగా కోసి తీసిన చిత్రాలను విడుదల చేసింది. పురుషుడివి 1 మి.మీ. పొరలు, స్త్రీవి 0.33 మి.మీ. పొరలు. ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. నేను ఇప్పటికీ వాటి దగ్గరికే వెళ్తాను. రోగుల స్కాన్లు వాడితే పేరు, నంబరు ఉన్న పట్టీ తుడిచేసి, అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఎమ్మారైలో మనిషి పడుకుని ఉంటాడు, వంపులు కొంచెం చదునవుతాయని గుర్తుంచుకోండి. పొద్దున్నుంచి రాత్రికి డిస్క్‌లలో నీరు తగ్గి మనిషి ఎత్తే 1 నుంచి 2 సెం.మీ. తగ్గుతుంది. ఇంత కదిలే వస్తువుకు ‘ఖచ్చితమైన కొలత’ అంటూ మిల్లీమీటరు కోసం కొట్టుకోవడం అనవసరం. నిష్పత్తులు కుదిరితే చాలు.

వేరేవాళ్ల బొమ్మల మీద దిద్దడం గురించి ఒక్క మాట. హక్కుల సంగతి అలా ఉంచితే, తప్పులు అలాగే వారసత్వంగా వస్తాయి. పక్క నుంచి డిస్క్ వెనక్కి ఉబ్బి ఎల్4ను నలిపే మీ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అది గోడ పటాల్లో, ప్రకటనల్లో దశాబ్దాలుగా తిరుగుతోంది. కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు నాకు చూపించినవాళ్లు ఉన్నారు. ఒకదానిలో నడుము పూసలు ఏడు, ఇంకోదానిలో నడుము పూసకు పక్కటెముక. వెలుతురు మాత్రం అద్భుతంగా ఉంది.

అచ్చు వివరాలు త్వరగా చెప్పేస్తాను. గుర్తింపు గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. పేర్లు తెలుగులో, పెద్దగా, ఆరేడుకు మించకుండా ఉండాలి. రోగికి పెడికిల్ పేరు అక్కర్లేదు, ‘నరం’, ‘డిస్క్’, ‘జారిన ముక్క’ చాలు. పేర్లను వేరే లేయరులో ఉంచండి, సర్జన్ తప్పకుండా ఒకటి మారుస్తారు. అచ్చు సైజులో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి.

ఈసారి రంగులు వేసి పంపకండి. పై నుంచి చూసే బొమ్మను పెన్సిల్‌తో గీసి, నరాల మీద ఎల్4, ఎల్5 అని రాసి పంపండి. తీరిక లేనివారికి ‘ఎలా ఉంది?’ అనే ప్రశ్న బరువుగా ఉంటుంది. ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేవే అడగండి: నలిగేది ఎల్5 నరమేనా? ముక్క మధ్యకు జారాలా, మూలకా, రంధ్రంలోకా? నరాల సంచి మీద ఒత్తిడి చూపాలా, ఒక్క నరం మీదేనా? కుడి కాలా, ఎడమ కాలా? ఈ ఆఖరి ప్రశ్నకు మీ రెండు పాత బొమ్మల్లోనూ జవాబు లేదు. పక్క నుంచి గీశారు కాబట్టి ఆ అవసరం మీకు తట్టి ఉండదు.